గడియారం కింద దింపుడు కల్లం

మా కరీంనగర్ టవర్ సర్కిల్ గురించి కొత్తవాళ్లకు మావాళ్లు చెప్పే కథల్లో సగం అబద్ధాలు. ఈ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే వాటిలో ఒకటి మా ఇంట్లోనే పుట్టింది. గడియారం దగ్గర పాడె దించి చనిపోయినవాళ్లను పిలవడం నిజాం జమానా నుంచి వస్తున్న ఆచారమని మా వాడ పెద్దమనుషులు మీసం దువ్వుకుంటూ చెబుతారు. నిజాం జమానా కాదు, పాడూ కాదు. అది మొదలైంది అరవై తొమ్మిదిలో. మొదలుపెట్టింది మా బాపు. కారణం నేను.

తెలియనివాళ్లకు ముందు ఆ ఆచారం సంగతి చెప్పాలి. మా దిక్కు పాడె ఇంటి ముందు లేచిందంటే మళ్లీ కాటికి చేరేదాకా నేలకు తగలకూడదు. మధ్యలో ఒక్కచోట మాత్రం దించుతారు. దాన్ని దింపుడు కల్లం అంటారు. అక్కడ దగ్గరివాళ్లు వంగి, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడన్నా కొసన ఉంటే ఆ పిలుపుకు లేస్తారేమోనని. ఎవరూ లేవరు. లేవరని అందరికీ తెలుసు. అయినా మూడో పిలుపు తర్వాత ఒక్క క్షణం అంతా ఆగి ఆ మొహంకేసి చూస్తారు. దింపుడు కల్లం ఆశ అనే మాట ఊరికే పుట్టలేదు. ఆ తర్వాత మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటారు, పాడె లేస్తుంది.

మా వాడకు అప్పట్లో ఆ చోటు గడియారం కాదు. ఊరు దాటాక, మానేరుకు పోయే తొవ్వలో ఒక రాళ్ల కుప్ప ఉండేది. మా తాతను అక్కడే దించారు. టవర్ సర్కిల్ అంటే బతికున్నవాళ్ల చోటు. బేరాలకూ, మీటింగులకూ, ముచ్చట్లకూ పోయే చోటు.

నేను చిన్నప్పుడు చూసిన సర్కిల్ ఇప్పటిది కాదు. నడిమధ్యన గడియారం, దాని చుట్టూ మనుషులు కూర్చునే గద్దె, నాలుగు దిక్కులా తొవ్వలు. ఒక తొవ్వ కమాన్ అనే పెద్ద ద్వారం మీదుగా మానేరు వైపు పోయేది. టాంగాలు ఒక పక్కన వరసగా నిలబడేవి. బట్టల దుకాణాలు, ఇత్తడి సామాన్ల దుకాణాలు, అద్దాల్లో పెళ్లిజంటల ఫోటోలు పెట్టుకున్న స్టూడియో. వెనక సందుల్లో వెండితీగను మెలితిప్పి అత్తరు డబ్బాలు, నెమళ్లు, పళ్లాలు అల్లే పనివాళ్లు. ఆ సందులో నడిస్తే సుత్తి చప్పుడు కూడా మెల్లగా వినిపించేది, ఎందుకంటే వెండితీగను గట్టిగా కొడితే తెగిపోతుంది. గుర్రాల లద్దె వాసన, చాయ వాసన, కొత్త బట్టల గంజి వాసన కలిసి అక్కడి గాలికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏదన్నా దుకాణంలో కొత్త బట్టల మూట విప్పితే నాకు ఆ సర్కిలే గుర్తొస్తుంది, గుర్రం ఒక్కటే తక్కువ.

గడియారం ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు అన్నదాని మీద ఒక్కొక్కరిది ఒక్కో మాట. నేను ఆ జోలికి పోను. నాకు తెలిసిన చరిత్ర గద్దె కిందిది. అక్కడ నిలబడి ఎన్ని పార్టీలవాళ్లు మాట్లాడారో లెక్క లేదు. మొహర్రం పీర్లు అక్కడ ఆగేవి, వినాయకుడు అక్కడ ఆగేవాడు, ఎన్నికల్లో గెలిచినవాడు అక్కడ ఆగి దండలు వేయించుకునేవాడు. ఓడినవాడు మాత్రం వెనక సందులోంచి ఇంటికి పోయేవాడు.

మాది చొప్పదండి పక్కన పల్లె. కొంత భూమి ఉండేది. మా చదువుల కోసం బాపు దాన్ని పాలుకిచ్చి, టవర్ సర్కిల్‌కు రెండు నిమిషాల దూరంలో ఇల్లు కట్టాడు. ఇంట్లో బాపు, అవ్వ, అంటే మా నాన్న, అమ్మ, నేను, అక్క, నాయనమ్మ. నాయనమ్మకు చెవులు సరిగ్గా వినపడేవి కావు. ఇంట్లో అందరూ ఆమెతో అరిచి మాట్లాడేవాళ్లు. బాపు అయితే పొలంలో పశువులను అదిలించినంత గట్టిగా అరిచేవాడు. ఆమె ఒక్క ముక్క కూడా అర్థం చేసుకునేది కాదు. నేను ఎప్పుడు కనిపెట్టానో గుర్తులేదు గానీ, చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు పెంచకుండా, మెల్లగా ఒక్కో మాటే చెబితే ఆమెకు అన్నీ వినపడేవి. దాంతో ఊళ్లో ఎవరి పెళ్లి, ఎవరింట్లో లొల్లి, సినిమా హాల్లో ఏ ఆట, అన్నీ నేనే చెప్పేవాణ్ని. చెప్పినదానికల్లా ఆమె దవడ మీద చెయ్యి పెట్టుకుని "అవ్వో!" అనేది.

ఒకరోజు మా ఇంటి ముందునుంచి ఎవరిదో పాడె పోతుంటే, గడపలో కూర్చుని చూస్తూ అంది.

"నేను పోయినంక దింపుడు కల్లం కాడ నువ్వే పిలువాలె కొడుకా. మీ బాపు పిలిస్తే నాకు వినవడది. లేచేదాన్ని గూడ లేవ."

"నువ్వు లేస్తే మల్ల ఇంటికి మోసుకొచ్చుడు మా వల్ల గాదు నాయినమ్మా."

"నడిచే వస్త తియ్యిరా. నువ్వు పిలువు, చాలు."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. అక్కడే నిలబడ్డ బాపు కూడా నవ్వాడు. ఆ మాట ఆయన విన్నాడని తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం చదువుకునేవాళ్లమంతా రోడ్ల మీదికి వచ్చాం. నేను డిగ్రీ రెండో సంవత్సరం. పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్లు వేరే ఉండేవాళ్లు. నా వంతుకు వచ్చిన పని చిన్నది. రోడ్డు పని కోసం తెచ్చిన ఖాళీ తారు డ్రమ్ములు సర్కిల్ దగ్గర పడి ఉండేవి. జీపులు రాకుండా వాటిని దొర్లించి కమాన్ వైపు తొవ్వకు అడ్డంగా నిలబెట్టాలి. నలుగురం కలిసి నిలబెట్టాం. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఖాళీ డ్రమ్ములను ఎవరైనా తన్నేస్తారని, వాటిలో రాళ్లు నింపుదామని అన్నవాణ్ని నేనే. ఆ తెలివికి మావాళ్లు నా వీపు తట్టారు. చేతులకు అంటిన తారు కిరోసిన్‌తో కడిగినా పోలేదు.

ఆ మరునాడే మా నలుగురిలో ఒకడిని పోలీసులు పట్టుకుపోయారు. మిగతా ముగ్గురి పేర్లూ వాళ్ల దగ్గర ఉన్నాయని కబురు వచ్చింది. ఇంటికి పోతే దొరికిపోతాను. అప్పుడు నన్ను దాచింది సర్కిల్ మూల మీద చాయ హోటల్ నడిపే చాచా. నలభై ఏళ్లు ఉంటాయేమో అప్పటికి. మాతో తెలుగులో, గుర్రపు టాంగావాళ్లతో ఉర్దూలో, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. బంద్‌తో హోటల్ మూసే ఉంది. వెనక గదిలో చక్కెర బస్తాల మధ్య నాకు చాప వేశాడు.

"ఫికర్ చెయ్యకు. నాలుగు దినాలు ఓపిక వట్టు. మీ బాపుకు చెప్పాల్నా?"

"వద్దు చాచా. చెప్తే మా ఇంటికి పోలీసులు వస్తరు."

ఇంట్లోంచి వచ్చేటప్పుడు నాయనమ్మకు జ్వరం. పోయొస్తానని చెవిలో చెప్పి వచ్చాను. ఎక్కడికి అని అడిగితే ఇక్కడిదాకే అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

మూడో రోజు పొద్దెక్కాక డప్పు చప్పుడు వినిపించింది. బంద్‌లో డప్పేమిటని ముందు గదిలోకి వచ్చి షెట్టర్ పక్కన ఉన్న సన్నటి సందులోంచి చూశాను. పాడె వస్తోంది. ముందు అగ్గికుండ పట్టుకుని నడుస్తున్నది బాపు. ఆ కుండ పట్టుకునేది కొడుకు. బాపు ఎవరికి కొడుకో ఆలోచించడానికి నాకు కొంచెం సమయం పట్టింది. అప్పుడు పాడె మీద నాకు తెలిసిన పచ్చ అంచు చీర కనిపించింది. నాయనమ్మ పోయిందని నాకు అలా తెలిసింది.

పాడె కమాన్ తొవ్వ వైపు తిరిగి డ్రమ్ముల దగ్గర ఆగిపోయింది. అవతల పోలీసులు వరసగా నిలబడి ఉన్నారు. పొద్దున ఎవరో రాళ్లు విసిరారట, డ్రమ్ముల దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు. మావాళ్లు చేతులు జోడించి చెబుతున్నారు. పై అధికారిని అడగాలి, ఆగమంటున్నారు. మోసేవాళ్లు అలాగే నిలబడ్డారు. పాడె దించకూడదు కదా. ఎండ ముదిరింది. వెనక కొమ్ము పట్టిన పెద్దాయన మోకాళ్లు వణకడం నాకు సందులోంచి కూడా తెలుస్తోంది. ఇంకొకరు వచ్చి భుజం పెట్టేలోపే ఆయన ఒరిగాడు. పాడె పక్కకు వంగింది. పడిపోతుందని నలుగురూ గాభరాగా కిందికి దించేశారు. గడియారం నీడ అంచున, నడిబజారులో.

దించకూడని చోట దించారు. ఇప్పుడేం చేయాలో ఎవరికీ తెలియదు. ఇంకోసారి రాళ్ల కుప్ప దగ్గర దించడానికి లేదు, పాడెను రెండుసార్లు దించితే ఇంట్లో ఇంకొకరు పోతారని మావాళ్ల భయం. ఒక ముసలావిడ అంది: "దించినంక పిలువాలె. గిదే దింపుడు కల్లం అనుకోండ్రి."

బాపు అగ్గికుండ పక్కన పెట్టి, నేల మీద మోకాళ్లూని, "అవ్వా!" అని పిలిచాడు. ఎప్పటిలాగే అరిచి పిలిచాడు. గట్టిగా కాదు బాపు, మెల్లగా, దగ్గరికి వంగి పిలువు, అని నేను లోపల అనుకుంటున్నాను. మళ్లీ అరిచాడు. మూడోసారి ఇంకా గట్టిగా అరిచాడు.

చాచా నా వెనకకు వచ్చి నిలబడ్డాడు. షెట్టర్ కింది పిడి మీద చెయ్యి పెట్టి నన్ను చూశాడు. పోతావా అని కళ్లతో అడిగాడు. నాకూ పాడెకూ మధ్య ఇరవై అడుగులు ఉంటాయి. పోలీసులు ఇంకో ఇరవై అడుగులు. నేను తల అడ్డంగా ఊపాను. తర్వాత నాకు నేను చాలా సంజాయిషీలు చెప్పుకున్నాను. నేను దొరికితే మిగతా ఇద్దరూ దొరుకుతారని, చాచా ఇరుక్కుంటాడని. అవన్నీ తర్వాత తట్టినవి. ఆ క్షణాన నాకున్నది భయం ఒక్కటే.

అప్పుడు బాపు లేచి నిలబడ్డాడు. పాడె వైపు కాదు, దుకాణాల వైపు తిరిగాడు. మూసి ఉన్న షెట్టర్లన్నిటినీ ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తూ నా పేరు పెట్టి పిలిచాడు.

"ఏడున్నవ్‌రా కొడుకా! నాయినమ్మ పోతున్నది. ఒక్కపారి వచ్చి పిలువు."

మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు పేరులో సగమే బయటికి వచ్చింది. మా దిక్కు మనిషిని అలా మూడుసార్లు పిలిచేది ఎప్పుడో అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. అవ్వ పరుగెత్తుకొచ్చి బాపు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. బతికున్న కొడుకును దింపుడు కల్లం దగ్గర పిలవడమేమిటని ఆమె భయం.

చాచా వెనక తలుపు తీసుకుని, ఒక బిందె, రెండు గ్లాసులు పట్టుకుని బయటికి పోయి మోసేవాళ్లకు నీళ్లు పోశాడు. పోలీసులు ఏమీ అనలేదు. కాసేపటికి అనుమతి వచ్చింది. రాళ్లు నింపి ఉండటంతో డ్రమ్ములు కదల్లేదు. పోలీసులూ మావాళ్లూ కలిసి ఒక్కో రాయి తీసి పక్కన పడేసి, రెండు డ్రమ్ములు జరిపి తొవ్వ ఇచ్చారు. నా తెలివి అంతా బయటికి తోడటానికి అరగంట పట్టింది. పాడె లేచింది. నేను చక్కెర బస్తా మీద మొహం పెట్టుకుని, నోట్లో అంగీ కుక్కుకుని ఏడ్చాను.

పోలీసుల వెతుకులాట సద్దుమణిగాక, పెద్దకర్మ అయిన మూడో రోజు ఇంటికి పోయాను. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. గోళ్ల మూలల్లో ఇంకా మిగిలిన తారు దగ్గర చూపు కొంచెం ఆగింది.

"అన్నం తిన్నవా?"

"లే."

"లోపలికి పోయి తిను."

అంతే. ఎక్కడున్నావని ఆ రోజు అడగలేదు, ఆ తర్వాత కూడా అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా పడేవాణ్ని. ఆయన అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. ఒకే ఇంట్లో ఇరవై నాలుగేళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం, ఈ ఒక్క సంగతి తప్ప.

అప్పటినుంచి బాపుకు ఒక అలవాటు వచ్చింది. గడియారం నీడన ఆ చోటు దగ్గరికి రాగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, నాలుగడుగులు వేసి మళ్లీ తొడుక్కునేవాడు. చూసినవాళ్లు గడియారానికి మొక్కుతున్నాడనుకున్నారు. టాంగావాళ్లు నవ్వుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఒకరిద్దరు ముసలివాళ్లు కూడా అక్కడ చెప్పులు విప్పడం మొదలుపెట్టారు. ఎందుకు విప్పుతున్నారని అడిగితే, పెద్దాయన విప్పుతుండు కదా అనేవాళ్లు.

ఆచారం ఎలా పుడుతుందో నేను కళ్లారా చూశాను. మరుసటేడు మా వాడలో ఒక బట్టల వ్యాపారి తల్లి పోయింది. ఆయన మా బాపు దగ్గరికి వచ్చి, ఎక్కడ దించాలి, రాళ్ల కుప్ప కాడనా, గడియారం కాడనా అని అడిగాడు. "మేమైతే గడియారం కాడ దించినం" అన్నాడు బాపు. ఆయన చెప్పింది అంతే, అది నిజమే. వ్యాపారి మాత్రం దాన్ని పద్ధతి అనుకున్నాడు. ఆయన దించాడని ఇంకో ఇల్లు. వాళ్లు దించారని మరో ఇల్లు. పదేళ్లు తిరిగేసరికి మానేరు తొవ్వ వెడల్పు చేసి రాళ్ల కుప్పను తీసేశారు. ఇక గడియారమే మిగిలింది.

అప్పటికి నేను హైస్కూల్లో చరిత్ర చెప్పే సారును అయ్యాను. చొప్పదండికి రోజూ బస్సులో పోయివచ్చేవాణ్ని. మా వాడలో ఒక రిటైర్డ్ పట్వారీ, అంటే పాతకాలపు కరణం, ఉండేవాడు. సర్కిల్ చరిత్ర అంతా తన నాలుక మీద ఉందని ఆయన నమ్మకం. ఒకసారి గద్దె మీద కూర్చోబెట్టి నాకే పాఠం చెప్పాడు.

"నీకెరుకనా సారూ, నిజాం జమానల ఊరి పొలిమేర గీడనే ఉండె. గందుకే గీడ దించుతరు. గడియారం కట్టింది గూడ గా చోటు గుర్తుండాల్నని."

"గట్లనా పట్వారీ సాబ్?"

"మరి! మీరు పుస్తకాల్ల ఏం చదువుతరో ఏమో."

ఏం చెప్పాలి? అది పొలిమేర కాదు, నేను రాళ్లు నింపిన డ్రమ్ముల వరస అని చెప్పాలా? కొన్నాళ్లకు మా బడిలో ఒక పిల్ల మన జిల్లా విశేషాలు అని వ్యాసం రాస్తూ, టవర్ సర్కిల్ ప్రాచీన దింపుడు కల్లం అని రాసింది. పదికి ఎనిమిది మార్కులు వేశాను. నా సంతకం కూడా పెట్టాను.

సర్కిల్ మారిపోతూ వచ్చింది. టాంగాలు పోయి రిక్షాలు, రిక్షాల నడుమ ఆటోలు. ఫోటో స్టూడియో పోయి రెడీమేడ్ బట్టల దుకాణం. వెండితీగ సందులో సగం ఇళ్లకు తాళాలు. చాచా హోటల్‌లో పాలరాతి బల్లలు మాత్రం అలాగే ఉన్నాయి. నేను ప్రతి ఆదివారం అక్కడ చాయ తాగేవాణ్ని. చాచా, నేను ఆ రోజు గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. చాయ పెట్టి, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి పోయేవాడు.

బాపు మంచాన పడ్డది తొంభైల మొదట్లో. చివరి వారం మాట తగ్గింది. ఒకరోజు మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"నన్ను గడియారం కాడనే దించాలె."

"గవన్నీ ఎందుకిప్పుడు బాపు?"

"దించాలె. నువ్వే పిలువాలె."

అలాగే అన్నాను. ఆయన చెయ్యి వదలలేదు. ఇంకేదో అంటాడని ఎదురుచూశాను. గంజి చల్లారిపోయింది. ఆ సాయంత్రం నేను గోడవైపు తిరిగి ఒకటే అనుకున్నాను, చెప్పేస్తాను, రేపు పొద్దున చెప్పేస్తాను, చాచా హోటల్లో ఉన్నాను, అంతా విన్నాను అని. రెండు పొద్దులు అట్లాగే గడిచాయి. మూడో పొద్దున ఆయన లేడు.

అక్కను, శ్రీరాంపూర్ గనిలో పనిచేసే బావను పిలిపించాం. వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బావ మంచివాడు, పని తెమిలే దారి చూసే మనిషి. వస్తూనే శవాన్ని తీసుకుపోయే వ్యాను మాట్లాడుకుని వచ్చాడు.

"గింత ట్రాఫిక్ల పాడె మోసుడు, నడి సర్కిల్ల దించుడు అయ్యేపని గాదు. వ్యాన్ల పోదాం. మానేరు కాడ దించి పిలుస్తే గాదా?"

నలుగురూ అదే నయమన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. ఆయన కోరిక అన్నాను. పోయేటప్పుడు మనుషులు ఎన్నో అంటారని ఎవరో అన్నారు. ఆ వ్యాను ఎక్కితే ఇక నా జన్మలో ఆ చోటికి నేను పోలేను. అప్పుడు బాపు కాళ్ల దగ్గర కూర్చున్న అవ్వ తల ఎత్తింది.

"వ్యాను వాపస్ పంపుండ్రి. ఆయన మాట ఆయనది. మొయ్యనీకి మనుషులు లేరా?"

బావ ఇంకేమీ అనకుండా తుండు నడుముకు చుట్టుకుని ముందు కొమ్ము పట్టాడు.

పాడె కడుతుండగా చాచా వచ్చాడు. అరవై దాటాయి, చేతికర్ర వచ్చింది. బాపు మొహం చూసి, నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"బేటా, నీకొక మాట చెప్పాలె. గా దినమే, మీ నాయినమ్మను సాగనంపి వస్తుంటే, నేను మీ బాపుకు చెప్పిన. నీ కొడుకు నా హోటల్లనే ఉన్నడు, పరేషాన్ గాకని."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏమన్నడు చాచా?"

"నేను పిలిచింది ఇన్నడా అని అడిగిండు. ఇన్నడని చెప్పిన. వాడు బతికున్నడు గదా, గంతే చాలు అన్నడు. వానికి మాత్రం చెప్పకు, సిగ్గువడ్తడు అన్నడు. గందుకే నేను గిన్నేండ్లు చెప్పలే."

ఇరవై నాలుగేళ్లు. నేను దాచానని అనుకున్నాను, దాచింది ఆయన. చెప్పులు విప్పి నడిచిన ప్రతిసారీ ఆ హోటల్ షెట్టర్ ఆయన కళ్ల ముందే ఉంది. ఆయన నన్ను క్షమించాడని అప్పుడు నాకు అనిపించలేదు. ఆయన నాకోసం ఆ చోటును కాపలా కాశాడనిపించింది.

అగ్గికుండ పట్టుకుని ముందు నడిచాను. సర్కిల్‌కు చేరేసరికి సాయంత్రపు రద్దీ. ఆటోలు, స్కూటర్లు, చెరకు రసం బండ్లు. ఆ చోటున ట్రాఫిక్ కానిస్టేబుల్ గొడుగు పాతుకుని నిలబడి ఉన్నాడు. పాడె దించాలనగానే చేతులు అడ్డం పెట్టాడు. ఆదిలాబాద్ దిక్కువాడు.

"మా దిక్కు ఊరి బయట దించుతరు సార్. నడిబజార్ల దించుడేంది? నేను బండ్లు ఆపలేను. ముందుకు నడువుండ్రి."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మోసేవాళ్లు నిలబడిపోయారు. బావ భుజం మార్చుకుంటున్నాడు. అదే చోటు, అదే ఆగడం. అప్పుడు వెనకనుంచి పట్వారీ ముందుకు తోసుకుని వచ్చాడు.

"నీకేం ఎరుక బాబూ, నువ్వు నిన్న మొన్న వచ్చినవ్. గిది నిజాం జమాన నుంచి దింపుడు కల్లం. గడియారం కంటె ముందుది. గీ సారు చరిత్ర చెప్పేటాయన, అడుగు కావాల్నంటె."

కానిస్టేబుల్ నన్ను చూశాడు. అందరూ నన్ను చూశారు. నిజం చెప్పే సారుగా నాకు ఊళ్లో పేరుంది. నేను అగ్గికుండ పట్టుకుని అవునన్నట్టు తల ఊపాను. ఈ చోటును చూస్తూనే ఒకప్పుడు భయంతో అడ్డంగా ఊపిన తల అది. కానిస్టేబుల్ గొడుగు పీకి పక్కన పెట్టి, రెండు చేతులూ చాపి బండ్లన్నీ ఆపేశాడు. మూల మీద, మాకంటే ముందే చేరుకున్న చాచా తన హోటల్ షెట్టర్‌ను సగం కిందికి లాగాడు, చనిపోయినవాళ్లు పోతుంటే మా బజారులో అలా లాగుతారు.

పాడె దించారు. గడియారం నీడ దాని మీద పడింది. నేను చెప్పులు ఇంటి దగ్గరే వదిలి వచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని బాపు మొహం దగ్గరికి వంగాను. గడ్డం గీయించిన చెంపలకు పసుపు. బంధువుల్లో ఎవరో "గట్టిగ పిలువు సారూ" అన్నారు.

గట్టిగా పిలవలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, నాయనమ్మతో మాట్లాడినట్టు, మెల్లగా, "బాపు" అన్నాను. మళ్లీ, "బాపు" అన్నాను. మూడోసారి పిలవలేదు. ఇరవై నాలుగేళ్ల కింద ఆయన పిలిచిన పిలుపుకు జవాబు చెప్పాను.

"బాపు, నేను ఈడనే ఉన్న."

అందరూ ఒక్క క్షణం ఆగి ఆయన మొహంకేసి చూశారు, ఆచారం కాబట్టి. అంతమందిలో ఆయన లేస్తాడేమోనని నిజంగా చూసింది నేనొక్కణ్నే.